కందెన చుక్క

రాత్రి పదకొండు. బయట మైనస్ ముప్పై రెండు.
డీజిల్ షెడ్డులో మాత్రం ఒంటి చొక్కా చాలు.
రెండో ఇంజను తన మామూలు మాటే మాట్లాడుతోంది:
డబడబ, డబడబ, కాస్త ఆగి, డబ.
ఆ ఆగడం నిన్న లేదు.

"చూడవే నౌయా, నూనె ఏమంటోందో"
మెట్టు మీద కూర్చుని అన్నాడు పావియా.

ఒకప్పుడు ఆయనే చూసేవాడు.
గేజి కడ్డీ లాగి
బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒక బొట్టు నలిపి
కళ్ళు మూసుకుని
"ఇంకో నూటయాభై గంటలు" అనేవాడు.
నూటయాభై గంటలే పట్టేది.
మూడేళ్ళ కిందట మంచు బీటలోకి స్లెడ్జి జారితే
నీళ్ళలో చేతులు పెట్టి కుక్కల్ని లాగాడు.
కుక్కలు బతికాయి. వేళ్ళూ మిగిలాయి,
వేళ్ళకు కబుర్లందడమే మానేసింది.

నాకున్నది వడపోత కాగితం.
దాని మీద ఒకే ఒక్క చుక్క వేసి ఊరుకోవాలి.
ఊదకూడదు, వంచకూడదు, తొందరపెట్టకూడదు.
ఒంట్లో బాగున్న నూనె మెల్లగా విచ్చుకుంటుంది,
నడుమ మసి, పక్కన బూడిద, అంచున తేనె,
ఎక్కడ ఏది ఆగిందో గీత గీసి చూపలేం.
మసిని మోస్తూ కూడా మెత్తగా ఉండటమే దాని ఉద్యోగం.

ఈ రాత్రి నడుమ నల్లటి దిమ్మ.
అది కదల్లేదు. చుట్టూ రంపపు పళ్ళ అంచు.
"నీళ్ళు" అన్నాను.
పావియా బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

తూర్పు గ్రీన్‌లాండ్‌లో నూట పన్నెండు మంది ఊరు మాది.
వచ్చిన అతిథులంతా
మా అవ్వ సీలు కొవ్వు దీపం గురించి అడుగుతారు.
ఈ పీపాల గురించి ఒక్కరూ అడగరు.
ఆరుబయట తారులా బిగుసుకుపోయే నూనెను
ముందు రాత్రే లోపలికి దొర్లించి, దుప్పటి కప్పి,
పసిబిడ్డను లేపినట్టు లేపాలని ఎవరికీ తెలియదు.

ఒకటో ఇంజను తల ఊడి బల్ల మీద ఉంది.
దాని గ్యాస్కెట్ తేవలసిన హెలికాప్టరు
తొమ్మిది రోజులుగా ఎగరలేదు.
మూడోది బుడ్డ ఇంజను,
ఆసుపత్రి గదినీ నీళ్ళ గొట్టాలనూ మాత్రమే మోస్తుంది.
ఊరి పెద్ద సూలుట్‌కి ఫోన్ చేశాను.
"బడి హాల్లో డాన్సు పోటీ, ఒక్క గంట ఆగలేవా?"
వెనక అకార్డియన్, కేకలు, చెక్క నేల మీద కాళ్ళు.

గంట.
ఇనుముకీ ఇనుముకీ మధ్య
వెంట్రుకలో పదో వంతు మందం పొర.
అది ఉన్నంతసేపు అవి ఒకదాన్నొకటి తాకవు,
అది చిరిగిన క్షణం ఒకదాన్నొకటి తినేస్తాయి.
పావియా నావైపు చూడలేదు. కావాలనే చూడలేదు.

మీట దించాను.

నేను పుట్టినప్పటి నుంచీ ఉన్న చప్పుడు
కొండల్లోకి వెళ్ళిపోయింది.
హాలు కిటికీలు ఆరాయి, తర్వాత చర్చి,
తర్వాత మా అమ్మ వంటిల్లు.
ఊళ్ళో కుక్కలన్నీ ఒక్కసారిగా మొదలెట్టాయి.

బుడ్డ ఇంజనుకి చేతి పంపు కొట్టాను.
"ఎండు ఇరుసు తిప్పిన మొదటి నిమిషం
వెయ్యి గంటల అరుగుదలతో సమానం."
ఆయన మాటే. నలభై ఒకటో దెబ్బకి
ప్రెషరు ముల్లు ఉలిక్కిపడి లేచింది.

పెద్దదాని పొట్ట తలుపు విప్పేసరికి రెండున్నర.
టార్చి వెలుగులో పాలెక్కువైన టీలా నూనె.
లైనరు కింది రబ్బరు చుట్ట చిట్లింది.
బేరింగు అర చిప్ప ఊడదీసి, తుడిచి,
చల్లారాక పావియా చేతిలో పెట్టాను.
వేలితో రాశాడు. మళ్ళీ రాశాడు.
తర్వాత దాన్ని నోటి దగ్గరకు తీసుకుని
కింది పెదవి ఆనించి
ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా జరిపాడు.
"గీత పడింది" అన్నాడు. "లోతు లేదు."

అప్పుడు తలుపు తోసుకుని సూలుట్ వచ్చాడు,
డాన్సు బూట్లతోనే, మీసం నిండా మంచుతో,
తిట్లు పళ్ళ దగ్గర సిద్ధంగా పెట్టుకుని.
పావియా తలెత్తకుండానే
"ఆ టార్చి కాస్త ఇటు పట్టు" అన్నాడు.